డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు

పరదేశములో విశ్వవిద్యాలయపు కొలువు, తన మనస్సున నాటుకొన్న అన్వేషణ, శరీరారోగ్యము - ఈ మూడింటికిని కాలము పంచియిచ్చుట ఎంత దుర్ఘటమో యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితము చూచిన తెలియును. ఆయన పంపకములో మూడవదానికి దక్కినది మిక్కిలి స్వల్పము.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుమార్లు తప్పి, మూడవమారు మద్రాసు హిందూ హైస్కూలునుండి కృతార్థులైరి. కాలేజీలో చదువుచుండగా రామకృష్ణమఠములో చేరి సన్న్యసింపవలెనని తలచిరి గాని తల్లి సమ్మతింపలేదు. వైద్యకళాశాలలో చేరిన పిదప గాంధీమహాత్ముని పిలుపు ననుసరించి ఖద్దరు ధరించి తరగతికి పోవుట ఆంగ్లేయుడగు ఆచార్యునకు కంటగింపైనది. తత్ఫలితముగా ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టము బదులు ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించెను.

అంతకంటె పెద్ద దెబ్బ ఇంటిలోనే తగిలినది. సోదరులిద్దరు కొలది దినముల వ్యవధిలో సంగ్రహణి వ్యాధికి బలియైరి. పిమ్మట ఆయనకును అదే వ్యాధి సోకగా ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే కోలుకొనిరి. ఆ కృతజ్ఞతతోనో యేమో, లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే శరీరనిర్మాణ శాస్త్రమును బోధించిరి. ఉష్ణదేశపు వ్యాధులకు మందులు కనుగొనవలెనను పట్టుదల ఆనాటినుండి ఆయనను వదలలేదు.

మామగారు కూర్చిన ధనము, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థవారి వాగ్దానము ఆధారముగా ఆయన బయలుదేరి 1922 అక్టోబరు 26న బోస్టను నగరము చేరిరి. పగలు హార్వర్డు విశ్వవిద్యాలయములో చదువు. రాత్రులు ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడుగు కూలిపని. సంగ్రహణితో నొకసారి శుష్కించిన శరీరముపై ఇది సామాన్యమైన భారము కాదు.

ఆ దినములలోనే ఆయన పరిశోధన కండరబలము మీదికి మరలుట విచిత్రము. సైరస్ ఫిస్కెతో కలిసి రక్తములోను మూత్రములోను భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. నేటికిని జీవరసాయన విద్యార్థులు దానిని వారిద్దరి పేర్లతోనే నేర్చుకొందురు. ఆ కొలతయే వారిని 1927లో ఫాస్ఫోక్రియాటినుకు, 1929లో ఏ.టి.పి.కి చేర్చినది. జర్మనీలో లోమాను కూడ అదే సంవత్సరము ఏ.టి.పి.ని వేరుగా కనుగొనెను. దండీలు, బస్కీలు తీయువాని కండరము సంకోచించినపుడు వ్యయమగునది ఏ.టి.పి.; మొదటి కొన్ని క్షణములలో దానిని మరల పూరించునది ఫాస్ఫోక్రియాటిను. కండరము లాక్టికామ్లముచే పనిచేయునను పూర్వసిద్ధాంతము దీనితో తలక్రిందులైనది. నేడు వ్యాయామశాలలలో క్రియాటిను పొడిని పాలలో కలుపుకొను యువకులలో ఈ భీమవరము వాని పేరు విన్నవారెందరో!

1930లో డాక్టరేటు వచ్చినను హార్వర్డులో స్థిరమైన ఆచార్యపదవి రాలేదు. 1940లో ఆయన న్యూయార్కు రాష్ట్రము పెర్ల్ రివరులోని లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్లి పరిశోధనలకు సారథ్యము వహించిరి. 1945లో వారి బృందము ఫోలికామ్లమును కృత్రిమముగా తయారుచేసెను. సోదరులను కబళించిన సంగ్రహణికి అది మందైనది. అక్కడ తయారైన అమినోప్టెరినును డాక్టరు సిడ్నీ ఫార్బరు రక్తపు క్యాన్సరు పిల్లలకు ఇచ్చి, తాత్కాలికముగానైనను వ్యాధి శాంతించుట చూపెను. డగ్గరు కనుగొన్న ఆరియోమైసిను కూడ ఆ ప్రయోగశాలలదే.

ఇంతలో ఇల్లు దూరమైనది. భార్య శేషగిరమ్మగారిని విడిచి వెళ్లిన సుబ్బారావుగారు మరల స్వదేశమున అడుగుపెట్టలేదు. పోర్టుబ్లెయిరులో విశాఖ ఓడకై దినములు లెక్కించు ఉద్యోగులకు ఈ ఎడబాటు కొంత తెలియును. కాని వారికి ఓడ వచ్చును. ఆయన అమెరికా పౌరసత్వమును గూడ స్వీకరింపలేదు. 1948 ఆగస్టులో, ఏబదిమూడవ యేట, హృదయము ఆగి మరణించిరి. శరీరమునకు విశ్రాంతి నీయని ఆ దీక్షను మెచ్చుకొనవచ్చును. అనుకరింపుమని ఎవరికిని చెప్పలేము.

మరణమునకు ముందటి సంవత్సరము, 1947లో, ఆయన బృందము వెలువరించిన మందు హెట్రజాను. బోదకాలు కలిగించు క్రిములపై అది పనిచేయును. మన దేశపు ఇతర ప్రాంతములలో ఆ సూక్ష్మక్రిములు రాత్రివేళ రక్తములో విరివిగా కనబడును. నికోబారులోని నన్‌కౌరీ, కమోర్టా, కచాల్, టెరెస్సా మున్నగు దీవులలో మాత్రము పగటిపూటయే అధికము. అక్కడ వానిని వ్యాపింపజేయునది అడవిలో చెట్టుతొఱ్ఱల నీటిలో పెరిగి పగలు కుట్టు దోమ. మురుగుకాలువలో మందు చల్లినట్లు అడవిలో ప్రతి తొఱ్ఱలోను చల్లుట సాధ్యము కాదు. కావున దోమను విడిచి మనుష్యునికే మందీయవలసి వచ్చినది. మాత్రలు పంచుటతోబాటు, వంట ఉప్పులోనే ఆ మందును స్వల్పముగా కలిపి నన్‌కౌరీ ద్వీపవాసులకు ఇచ్చిరి.