కరువు రైతు చేతిలో కెమెరా

కదిరి చుట్టుపక్కల మెట్ట పల్లెల్లో పుట్టినవారికి కరువు గురించి విడమరచి చెప్పనక్కరలేదు. వేరుశనగ విత్తాక వాన ముఖం చాటేస్తే పంటతోపాటు పరపతి, పరువు, ఊళ్లో నిలబడే ధైర్యం ఒక్కొక్కటిగా ఎండిపోతాయి. బెంగళూరు బస్సెక్కేవారు కొందరు, కేరళ బాట పట్టేవారు కొందరు. నూటపదేళ్లకు పైగా గడిచిన కాలంలో, అమెరికాలోని దక్షిణ డకోటా మైదానాల్లో ఇట్లాగే పంట పోగొట్టుకున్న ఒక నల్లజాతి రైతు తన కథను పుస్తకంగా రాసి ఇంటింటికీ తిరిగి అమ్మారు. ఆపై సినిమా తీశారు. ఆయన పేరు ఆస్కార్ మిషో. నల్లజాతి స్వతంత్ర సినిమాకు పునాది వేసినవారిలో ముందు వరసలో చెప్పుకోవలసిన పేరు అది. ఇవాళ అక్కడి నల్లజాతి వాడల్లో జరిగే చిన్నచిన్న చలనచిత్రోత్సవాల వెనుక ఉన్న స్ఫూర్తి ఆయనదే. దళితుల కథను ఎవరు చెప్పాలి, చెప్పే సాధనాలు ఎవరి చేతిలో ఉండాలి అని మనం అడుగుతున్న ప్రశ్నకు ఆ జీవితంలో సమాధానం కొంత, హెచ్చరిక కొంత ఉన్నాయి.

మిషో 1884 జనవరి 2న ఇల్లినాయి రాష్ట్రంలోని మెట్రోపొలిస్ పట్టణం దగ్గర ఒక వ్యవసాయ కుటుంబంలో పుట్టారు. తండ్రి కెంటకీలో బానిసగా జన్మించినవాడు. బానిసత్వం చట్టరీత్యా రద్దయి అప్పటికి రెండు దశాబ్దాలు కూడా నిండలేదు. పదిహేడేళ్ల వయసులో మిషో షికాగో చేరుకుని కూలి పనులు చేశారు, బూట్లు పాలిష్ చేశారు. చివరికి పుల్‌మన్ కంపెనీ రైళ్లలో పోర్టరుగా కుదిరారు. ప్రయాణికుల పడకలు సర్దడం, సామాను మోయడం, ఇచ్చిన చిల్లర పుచ్చుకోవడం ఆ ఉద్యోగం. అయితే ఆ కొలువే ఆయనకు దేశాన్ని చూపించింది. కూడబెట్టిన డబ్బుతో దక్షిణ డకోటాలోని గ్రెగరీ ప్రాంతంలో భూమి కొన్నారు. చుట్టూ తెల్లజాతి రైతులే. నాగలి పట్టడం కూడా సరిగా రాని ఆ నల్లజాతి యువకుడు కొద్ది ఏళ్లలోనే దాదాపు ఐదు వందల ఎకరాల ఆసామి అయ్యాడు. ఆ నేల అంతకుముందు లకోటా ఆదివాసులదన్న వాస్తవాన్ని కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఒక పీడిత సమూహానికి దక్కిన అవకాశం మరో పీడిత సమూహం పోగొట్టుకున్న భూమి మీద నిలిచింది.

1910లో ఆయన షికాగోకు చెందిన ఒక చర్చి పెద్ద కుమార్తెను పెళ్లాడారు. ఆ కాపురం నిలవలేదు. మామగారితో విభేదాలు ముదిరాయి, భార్య పుట్టింటికి వెళ్లిపోయింది. ఆ వెంటనే 1911 నాటి కరువు డకోటా పంటలను మాడ్చివేసింది. భూమి చేజారింది. మనిషిని కుంగదీయడానికి ఈ రెండు దెబ్బలు చాలు. మిషో వాటినే ముడిసరుకుగా చేసుకున్నారు. 1913లో తన అనుభవాలను ‘ది కాంక్వెస్ట్’ పేరుతో, తన పేరు వేసుకోకుండా ప్రచురించారు. అదే ఏడాది అంబేడ్కర్ చదువు కోసం న్యూయార్క్‌లో అడుగుపెట్టారు. 1917లో మిషో అదే కథను ‘ది హోమ్‌స్టెడర్’ నవలగా తిరగరాశారు. పుస్తకాల మూట భుజాన వేసుకుని పొలాల వెంట తిరిగారు. ఆ పుస్తకాలు కొన్నవారిలో తెల్లజాతి రైతులు కూడా ఉన్నారు.

ఆ నవలను సినిమాగా తీస్తామని లింకన్ మోషన్ పిక్చర్ కంపెనీ ముందుకు వచ్చింది. అది నల్లజాతీయులు నడిపిన సంస్థే. దర్శకత్వం తనకే ఇవ్వాలని మిషో పట్టుబట్టారు. అప్పటికి ఆయనకు కెమెరా పట్టిన అనుభవం లేదు. సంస్థ ఒప్పుకోలేదు, ఆయన తగ్గలేదు. సొంతంగా ఫిల్మ్ అండ్ బుక్ కంపెనీ పెట్టి, పుస్తకాలు అమ్మిన దారిలోనే తిరిగి వాటాలు అమ్మి పెట్టుబడి కూడగట్టారు. 1919 ఫిబ్రవరిలో షికాగోలో ‘ది హోమ్‌స్టెడర్’ విడుదలైంది. నల్లజాతి వ్యక్తి నిర్మించి దర్శకత్వం వహించిన తొలి పూర్తి నిడివి చిత్రంగా చరిత్ర దానిని గుర్తిస్తున్నది. కథ ఆయనది, పెట్టుబడి ఆయన కూడగట్టినది, తెర మీద నిర్ణయం ఆయనది. ఈ మూడూ ఒకే చేతిలో ఉండటమే ఆనాటికి విప్లవం.

దాని విలువ తెలియాలంటే నాలుగేళ్లు వెనక్కి వెళ్లాలి. 1915లో గ్రిఫిత్ తీసిన ‘ది బర్త్ ఆఫ్ ఎ నేషన్’ నల్లజాతి పురుషులను మానభంగం చేసే మృగాలుగా, వారిని చంపే కూ క్లక్స్ క్లాన్‌ను రక్షకులుగా చిత్రించి దేశమంతటా జేజేలు అందుకుంది. మిషో 1920లో తీసిన ‘విదిన్ అవర్ గేట్స్’ను దానికి జవాబుగా చరిత్రకారులు చదువుతున్నారు. అందులో సిల్వియా అనే ఉపాధ్యాయిని దక్షిణాదిలోని పేద నల్లపిల్లల బడి కోసం నిధులు వెతుక్కుంటూ ఉత్తరాదికి వస్తుంది. ఆమె గతం చివర్లో బయటపడుతుంది. ఆమెను పెంచిన తండ్రి ఒక కౌలుదారు. చదువుకున్న కూతురు రాసిపెట్టిన లెక్కలు పట్టుకుని భూస్వామి దగ్గరకు వెళతాడు. అక్కడ భూస్వామి మరో తెల్లవాడి తుపాకికి బలైతే నేరం కౌలుదారు మీద పడుతుంది. గుంపు కూడి భార్యాభర్తలను ఉరితీస్తుంది. అదే సమయంలో సిల్వియా మీద అత్యాచారానికి ఒడిగట్టిన తెల్లవాడు ఆమె కన్నతండ్రేనని తేలుతుంది. పరువు, స్త్రీ రక్షణ అనే మాటల వెనుక దాగిన హింస ఏ దిశ నుంచి ఏ దిశకు ప్రవహిస్తుందో ఆ ఒక్క ఘట్టం చూపిస్తుంది. దీన్ని తరగతిలో చూపించినప్పుడు కారంచేడు, చుండూరుల చరిత్ర చదివిన విద్యార్థులకు నేను వివరించవలసింది ఏమీ లేకపోయింది.

1919 జూలైలో షికాగో జాతి అల్లర్లలో 38 మంది చనిపోయారు. ఆ గాయం పచ్చిగా ఉండగానే ఈ సినిమా వచ్చింది. అల్లర్లు మళ్లీ రేగుతాయన్న భయంతో సెన్సారు బోర్డు మొదట అనుమతి నిరాకరించింది. ఉరితీతలు కాకుండా, వాటిని తెర మీద చూపడమే శాంతికి భంగమట! ఈ తర్కం మనకు కొత్తది కాదు.

సినిమా తీయడం సగం పనే, చూపించడం మిగతా సగం. పెద్ద హాళ్లు ఆయనకు దొరికేవి కావు. దక్షిణాదిలో తెల్లవారి థియేటర్లు కొన్ని నల్లవారికి అర్ధరాత్రి ఆటలకే తలుపు తెరిచేవి. మిషో సినిమా రీళ్లను వెంటబెట్టుకుని ఊరూరా తిరిగారు. హాలు యజమానికి రాబోయే చిత్రం తారలను పరిచయం చేసి, ముందుగానే కొంత సొమ్ము రాబట్టి, దానితో చిత్రీకరణ సాగించారు. ఒకటే టేకు, అరువు ఇళ్లు, అరువు దుస్తులు. సాంకేతికంగా ఆయన సినిమాల్లో అతుకులు కనబడతాయి. ఆ అతుకులు పేదరికానివి.

1925లో ‘బాడీ అండ్ సోల్’ ద్వారా పాల్ రాబ్సన్‌ను వెండితెరకు పరిచయం చేసింది ఆయనే. మతం ముసుగులో మోసం చేసే బోధకుడి పాత్ర అది. సొంత సమాజం పెద్దలకు కోపం తెప్పించడానికీ ఆయన వెనుకాడలేదు. 1928లో సంస్థ దివాలా తీసింది. మాటల చిత్రాల యుగం వచ్చాక ఖర్చు పెరిగింది. 1931లో ‘ది ఎగ్జైల్’ తీయడానికి హార్లెమ్‌లోని తెల్లజాతి థియేటర్ యజమానుల పెట్టుబడి అవసరమైంది. స్వాతంత్ర్యానికి ధర ఎంతో, అది ఎంత పెళుసో ఆ పరాధీనతే చెబుతుంది.

ఆయనను దేవుణ్ని చేయడం చరిత్రకు ద్రోహం. బుకర్ టి. వాషింగ్టన్ అనుయాయిగా ఆయన పేదరికానికి వ్యవస్థకంటే తన జనాన్నే ఎక్కువగా నిందించిన సందర్భాలున్నాయి. లేతరంగు నటులకు మంచి పాత్రలు, ముదురు రంగువారికి చెడ్డ పాత్రలు ఇచ్చారన్న విమర్శలో నిజముంది. 1938లో ‘గాడ్స్ స్టెప్ చిల్డ్రన్’ హార్లెమ్‌లో విడుదలైనప్పుడు కమ్యూనిస్టు యువజనులు, నల్లజాతి సంఘాలు హాలు ముందు నిరసనకు దిగడంతో దాన్ని తీసివేయవలసి వచ్చింది. ఆధిపత్య వర్ణం మనసులో నాటిన కొలమానాలు పీడితుడి కెమెరాలోనూ చేరతాయి. దళిత కులాల లోపలి అంతరాల గురించి మాట్లాడేవారు ఈ పాఠాన్ని దాటవేయలేరు.

అదే 1938లో తెలుగులో గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’ వచ్చింది. అంటరానితనాన్ని కథావస్తువుగా చేసిన ఆ సాహసం గొప్పది. అయితే కథ చలానిది, దర్శకత్వం రామబ్రహ్మానిది, నాయిక కాంచనమాల. మాలవాడ తెర మీదికి వచ్చింది కానీ కెమెరా వెనక్కి రాలేదు. దానికి కొన్నేళ్ల ముందే మలయాళంలో ‘విగతకుమారన్’ చిత్రంలో నాయర్ స్త్రీ పాత్ర ధరించిన దళిత నటి పి.కె. రోజీ అగ్రకుల ప్రేక్షకుల దాడికి ఊరు విడిచి పారిపోవలసి వచ్చింది.

మిషో చివరి చిత్రం ‘ది బిట్రేయల్’ 1948లో విఫలమైంది. 1951 మార్చి 25న నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో కన్నుమూశారు. కాన్సాస్‌లోని గ్రేట్ బెండ్‌లో సమాధి అయ్యారు. నలభైకి పైగా చిత్రాలు తీసిన మనిషి మూకీ చిత్రాల్లో నేటికి మిగిలినవి మూడే. ‘విదిన్ అవర్ గేట్స్’ ప్రతి ఒకటి ‘లా నెగ్రా’ అన్న పేరుతో స్పెయిన్‌లో దొరికింది. 1993లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దానిని పునరుద్ధరించింది. సొంత దేశం దాచుకోని చరిత్రను పరాయి దేశపు అటక కాపాడింది. 2010లో అమెరికా ఆయన పేరిట తపాలా బిళ్ల వేసింది. అంతకుముందే, ఆయన భూమి పోగొట్టుకున్న గ్రెగరీ ఊరు ఆయన పేరిట చలనచిత్రోత్సవం మొదలుపెట్టింది.

రోజీ పేరిట చెన్నైలో పా. రంజిత్ స్థాపించిన నీలం సాంస్కృతిక కేంద్రం ఇవాళ చలనచిత్రోత్సవం జరుపుతున్నది. తెలుగు నేల మీద అటువంటి పని వాడల నుంచే మొదలు కావాలి. దానికి మల్టీప్లెక్సు అక్కరలేదు. కదిరిలో ఒక వాడ గోడ, ఒక ప్రొజెక్టరు, నలుగురు విద్యార్థులు చాలు. ఫోను కెమెరాతో తీసిన మన పిల్లల లఘుచిత్రాలను మన వాళ్లే కూర్చుని చూసి, మెచ్చుకుని, తప్పులు పట్టాలి. తీసిన ప్రతి దానినీ భద్రపరచాలి. మన సినిమా ప్రతి కోసం మనవలు స్పెయిన్ దాకా వెతుక్కుంటూ పోయే పరిస్థితి రాకూడదు.