ఫాస్ఫేటు లెక్క తేల్చిన సుబ్బారావు

మనం మెట్లెక్కాలన్నా, వేలి గాయం మానాలన్నా లోపల కణాలకు ఆజ్ఞలు అందాలి. కైనేజ్ అనే ఎంజైము ఏటీపీ నుంచి ఒక ఫాస్ఫేటును తీసి ప్రోటీనుకు తగిలిస్తుంది. దాంతో ఆ ప్రోటీను పని మొదలుపెడుతుంది, లేదా ఆపేస్తుంది. ఫాస్ఫటేజ్ అనే ఎంజైము ఆ ఫాస్ఫేటును తొలగిస్తుంది. ఒక కైనేజ్ మరో కైనేజ్‌ను మేల్కొలుపుతూ పోతే కబురు కణమంతా పాకుతుంది. ఇంత పనికి ఆధారమైన ఏటీపీని తొలుత కనుగొన్నవారిలో మన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టినందుకు ఒక ఆచార్యుడికి కోపం వచ్చింది, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. అన్నగారిని స్ప్రూ అనే జబ్బు బలి తీసుకుంది.

భార్యను ఇక్కడే ఉంచి అమెరికాలోని బోస్టన్ చేరారు. పొట్టకూటికి రాత్రిళ్లు ఆసుపత్రిలో చిన్న పని చేస్తూ హార్వర్డ్‌లో చదివారు. 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి ఫాస్పరస్‌ను కొలిచే పద్ధతిని ప్రకటించారు. ఆ కొలతే వారిని 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్ దగ్గరికి, 1929లో ఏటీపీ దగ్గరికి నడిపించింది. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా ఏటీపీని విడిగా కనుగొన్నారు.

హార్వర్డ్‌లో ఆయనకు శాశ్వత పదవి దక్కలేదు. 1940లో లెడర్లే సంస్థలో చేరారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగులకు అది మందయింది. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, స్వదేశాన్ని మళ్లీ చూడకుండానే న్యూయార్క్‌లో కన్నుమూశారు.

ఆ తరువాత 1955లో ఫిషర్, క్రెబ్స్ అనే శాస్త్రవేత్తలు కండరంలోని ఒక ఎంజైము ఫాస్ఫేటు తగలగానే చురుకవుతుందని చూపారు. వారికి 1992లో నోబెల్ వచ్చింది. ఆపకుండా ఆజ్ఞలిచ్చే కైనేజ్ వల్ల ఒక రకం రక్త క్యాన్సర్ వస్తుందని తెలిశాక, ఆ కైనేజ్‌ను అడ్డుకునే ఇమాటినిబ్ 2001లో మందుగా వచ్చింది. సుబ్బారావు గారు ఇవేవీ చూడలేదు.

బదిలీల మీద ఊరూరూ తిరిగే మనం ప్రతి బడిలోనూ ఆయన కథ చెప్పుకుంటాం. పరీక్ష తప్పి తల దించుకున్న పిల్లవాడు ఒకడైనా, ఆ మూడో ప్రయత్నం మాట దగ్గర తలెత్తి చూస్తాడు. మనకు అది చాలు.