గణనయంత్ర పితామహుడు చార్లెస్ బాబేజి

తనకు చేతకాని పనిని చేతనైన వానికి అప్పగించడం మానవజాతికి అనాదిగా ఉన్న ఆచారం. కోర్టు వ్యవహారం తెలియని రైతు వకీలుకు వకాల్తా ఇస్తాడు. వకీలు నిలబడి వాదిస్తాడు. కానీ దావా రైతుదే, భూమి రైతుదే, గెలుపోటముల ఫలం అనుభవించేదీ రైతే. ఈ చిన్న సూత్రమే నేటి కొన్ని కంప్యూటర్ భాషలకు మూలస్తంభమై నిలిచింది. దానికి దగ్గరి పోలిక గల ఆలోచనను పందొమ్మిదవ శతాబ్దంలోనే ఇత్తడి చక్రాల యంత్రంలో చూపదలచిన మేధావి చార్లెస్ బాబేజి. ఆయన యంత్రానికి నేర్పదలచిన పాఠం ఒకటి, తన జీవితంలో తాను నేర్వలేకపోయిన పాఠం మరొకటి. రెండూ మన విద్యార్థిలోకం తెలుసుకోదగినవే.

బాబేజి 1791 డిసెంబరు 26న లండన్‌లో ఒక సంపన్న బ్యాంకరు కుమారుడుగా జన్మించారు. 1810లో కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలో చేరారు. గణితబోధనలో అక్కడ పాతుకుపోయిన వెనుకబాటు ఆయనకు నచ్చలేదు. జాన్ హెర్షెల్, జార్జ్ పీకాక్ అనే మిత్రులతో కలసి 1812లో అనలిటికల్ సొసైటీని స్థాపించి, ఐరోపా ఖండంలోని నూతన గణితాన్ని ఇంగ్లండుకు తెచ్చేందుకు కృషి చేశారు. 1814లో జార్జియానా విట్‌మోర్‌ను వివాహమాడారు. 1816లో, ఇరవై అయిదేళ్లు నిండకముందే, రాయల్ సొసైటీ సభ్యత్వం పొందారు.

ఆ రోజులలో నావికులు, ఖగోళశాస్త్రజ్ఞులు, బీమా లెక్కలు వేసేవారు అచ్చుపట్టికలపై ఆధారపడేవారు. లెక్కించిన వాని పొరపాటు, నకలు రాసిన వాని పొరపాటు, అచ్చు కూర్చిన వాని పొరపాటు కలసి ఆ పట్టికలలో తప్పులు పేరుకొనేవి. ఒక్క అంకె తప్పితే నడిసముద్రంలో ఓడ దారి తప్పవచ్చు. 1821లో హెర్షెల్‌తో కూర్చుని ఖగోళపట్టికలు సరిచూస్తున్నప్పుడు వరుసగా తప్పులు కనబడి బాబేజి విసిగిపోయారు. ఈ లెక్కలు ఆవిరిశక్తితో జరిగితే ఎంత బాగుండునన్న కోరిక ఆయన మనసులో ఆనాడు బలంగా నాటుకొన్నది.

ఆయనకు దారిచూపిన ఉదాహరణ ఫ్రాన్సులో ఉన్నది. ఫ్రెంచి విప్లవానంతరం గస్పార్ ద ప్రోనీ అనే ఇంజనీరు బృహత్తరమైన లాగరిథమ్ పట్టికలు తయారుచేయించారు. ఆయన పనివారిని మూడు అంతస్తులుగా విభజించారు. పై అంతస్తులో కొద్దిమంది గణితజ్ఞులు సూత్రాలు నిర్ణయిస్తారు. మధ్య అంతస్తువారు ఆ సూత్రాలను అంకెలలోకి మారుస్తారు. అడుగు అంతస్తులో పదుల సంఖ్యలో ఉన్నవారు కూడికలు, తీసివేతలు మాత్రం చేస్తారు. కూడిక, తీసివేత తప్ప మరేమీ అక్కరలేని ఆ అడుగు అంతస్తు పనిని యంత్రానికే అప్పగించరాదా అని బాబేజి ఆలోచించారు. అదే డిఫరెన్స్ ఇంజన్‌కు బీజం.

1822లో చిన్న నమూనా సిద్ధమైంది. 1823లో ప్రభుత్వం తొలి ధనసహాయంగా 1,500 పౌండ్లు ఇచ్చింది. జోసెఫ్ క్లెమెంట్ అనే నిపుణుడైన పనివానికి నిర్మాణం అప్పగించబడింది. ఇంతలో 1827వ సంవత్సరం ఆయన జీవితంలో చీకటి నింపింది. ఆ ఒక్క ఏడాదిలోనే తండ్రి, భార్య, పిల్లలలో ఇద్దరు మరణించారు. ఆ దుఃఖభారంతో ఆయన కొంతకాలం ఐరోపా దేశాలు తిరిగారు. 1828 నుండి 1839 వరకు కేంబ్రిడ్జిలో, పూర్వం న్యూటన్ అలంకరించిన లుకేషియన్ ఆచార్యపీఠంలో ఉన్నారు.

1832 నాటికి యంత్రంలో ఒక భాగం పూర్తయి చక్కగా పనిచేసింది. కానీ చెల్లింపుల విషయంలోను, కార్ఖానాను తన ఇంటివద్దకు మార్చాలన్న విషయంలోను బాబేజికీ క్లెమెంట్‌కూ తగవు ముదిరింది. 1833లో పని ఆగిపోయింది. ఆనాటి ఆచారాన్ని బట్టి ప్రత్యేకంగా చేయించిన పనిముట్లు క్లెమెంట్ వద్దనే ఉండిపోయాయి. 17,000 పౌండ్లకు పైగా వెచ్చించిన ప్రభుత్వం చివరకు 1842లో ఆ పథకానికి స్వస్తి చెప్పింది.

అప్పటికే ఆయన దృష్టి మరింత గొప్ప యంత్రం మీదికి మళ్లింది. 1834లో రూపురేఖలు దిద్దుకొన్న అనలిటికల్ ఇంజన్‌లో అంకెలు దాచే కొట్టు వేరు, లెక్కచేసే మిల్లు వేరు. నేతమగ్గానికి జకార్డ్ వాడిన రంధ్రాల అట్టలే దీనికి ఆజ్ఞలు అందిస్తాయి. తొమ్మిదవ శతాబ్దపు బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ గ్రంథస్థం చేసిన క్రమబద్ధమైన లెక్కవిధానాలకు, ఆయన పేరుతోనే వెలసిన అల్గారిథమ్ అన్న మాటకు, ఇక్కడ లోహపు శరీరం లభించబోయింది. 1843లో ఆడా లవ్‌లేస్ ఈ యంత్రంపై విపులమైన వ్యాఖ్యలు ప్రకటించి, బెర్నూలీ సంఖ్యలను అది ఎట్లా లెక్కించగలదో సోపానక్రమంలో చూపింది.

ఈ యంత్రంలో ఒక ముచ్చటైన ఏర్పాటు ఉన్నది. లెక్క మధ్యలో ఒక సంఖ్యకు లాగరిథమ్ కావలసివస్తే యంత్రం గంట మ్రోగించి, ఆ సంఖ్యను చూపి ఆగుతుంది. పరిచారకుడు తగిన అట్టను తెచ్చి అందిస్తాడు. యంత్రం దానిని గుడ్డిగా నమ్మదు. అట్టమీది సంఖ్యను తాను అడిగిన సంఖ్యనుండి తీసివేస్తుంది. శేషం సున్నా అయితే పని సాగుతుంది, కాకుంటే మరింత బిగ్గరగా గంట మ్రోగుతుంది. సహాయం ఇతరునిదైనా లెక్కకు జవాబుదారీ యంత్రానిదే.

నేటి భాషలలో డెలిగేషన్ అనబడే అప్పగింతకు ఇది దగ్గరి పోలిక. 1986లో హెన్రీ లీబర్మన్ ఈ విధానాన్ని వివరించారు. ఆ కాలంలోనే డేవిడ్ అంగర్, రాండల్ స్మిత్‌లు సెల్ఫ్ అనే భాషను ఈ పునాదిపై నిర్మించారు. 1995లో వెలువడిన జావాస్క్రిప్ట్ దానినుండి ప్రేరణ పొందింది. ఇందులో సమాచారాన్ని, పనులు చేసే పద్ధతులను కలిపి ఒక ఆబ్జెక్ట్ అంటారు. సలీం అనే విద్యార్థి ఒక ఆబ్జెక్ట్ అనుకుందాం. అతనివద్ద మార్కులున్నాయి, సగటు కట్టే పద్ధతి లేదు. సగటు అడిగితే అతడు నమూనా విద్యార్థి అనే మరొక ఆబ్జెక్ట్‌ను ఆశ్రయిస్తాడు. పద్ధతి నమూనాదే, కానీ లెక్కలోకి వచ్చేవి సలీం మార్కులు. ఆ పద్ధతిలో తన మార్కులు అన్నచోట తన అనే మాట సలీంకే వర్తిస్తుంది. ప్రశ్నను ఊరక మరొకరివైపు నెట్టివేస్తే ఆ మాట నమూనాకు వర్తించి, ఎవరివో మార్కులకు సగటు వస్తుంది. వకాల్తాకూ తప్పించుకోవడానికీ గల భేదం ఇదే. ఎవరిని ఆశ్రయించాలన్నది ప్రోగ్రాం నడుస్తున్నప్పుడే నిర్ణయమవుతుంది గనుక ఆశ్రయాన్ని మధ్యలో మార్చవచ్చును కూడా. వరుసలో ఎవరికీ ఆ పద్ధతి తెలియకుంటే, తెలియదని స్పష్టంగా చెప్పబడుతుంది.

యంత్రానికి ఇంత నేర్పు ఊహించిన బాబేజి మనుషులకు పని అప్పగించడంలో ఓడిపోయారు. ఒక యంత్రం పూర్తికాకముందే మరొకదానికి మళ్లారు. చేతిపనివానితోను, ప్రభుత్వంతోను పొత్తు కుదుర్చుకోలేకపోయారు. 1871 అక్టోబరు 18న, ఏ పెద్ద యంత్రమూ పూర్తికాకుండానే, ఆయన కన్నుమూశారు. మనదేశంలో కంపెనీ సైన్యంలో కొలువుచేసిన కుమారుడు హెన్రీ తదనంతరం మిల్లులో ఒక భాగాన్ని నిర్మింపజేశాడు. 1991లో లండన్ సైన్స్ మ్యూజియంవారు బాబేజి గీసిన రెండవ డిఫరెన్స్ ఇంజన్ పటాలననుసరించి గణనభాగాన్ని తయారుచేయగా అది నిర్దుష్టంగా పనిచేసింది. ఊహలో లోపం లేదని నూట ఇరవై ఏళ్ల తరువాత రుజువైంది.

విద్యార్థులారా! మన కాజీపల్లి చుట్టూ ఔషధ కర్మాగారాలున్నాయి. మీలో కొందరు రేపు అక్కడ కొలువులో చేరతారు. అక్కడి బ్యాచ్ రికార్డులో పనిచేసినవాని సంతకం వేరు, సరిచూసినవాని సంతకం వేరు. బాబేజి యంత్రంలోని రెండవ గంట అదే. చూడకుండా చేసిన సంతకం ఎక్కడో ఒక రోగి ప్రాణంమీదికి రావచ్చు. పటాన్‌చెరువు, బొల్లారం ప్రాంతాల కాలుష్యం 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన సంగతి పెద్దలకు తెలుసు. మురుగును గట్టు దాటించినంత మాత్రాన బాధ్యత గట్టు దాటదని ఈ నేల చెరువులు మనకు నేర్పాయి. పని పంచుకొందాం, తెలిసినవారిని అడుగుదాం. అందినదానిని సరిచూసుకొందాం. మన పేరుతో జరిగిన పనికి మనమే జవాబు చెబుదాం. బాబేజి స్మృతికి మనం అర్పించగల నివాళి అదే.