లయబ్రహ్మ ఆదిభట్ల నారాయణదాసు

పాట వినేవారి మనస్సు సాధారణంగా గాత్రం మీదనే నిలుస్తుంది. గాయకుని కంఠమాధుర్యాన్ని మెచ్చుకొంటాం, రాగం పేరు అడిగి తెలుసుకొంటాం. ఆ పాటను అడుగున ఉండి మోస్తున్న లయను మాత్రం అంతగా పట్టించుకోం. నల్లగొండ, పాలమూరు ప్రాంతాల జాతరలలో ఒగ్గుకథ విన్నవారికి ఈ సంగతి మాటలతో చెప్పనక్కరలేదు. డోలు దరువు నిలకడగా ఉన్నంతసేపు కథ దానంతట అదే నడుస్తుంది. దరువు ఒక్క క్షణం తడబడితే ఎంత చక్కని పాటైనా కూలబడుతుంది. అటువంటి లయను వాద్యకారుని చేతికి అప్పగించి ఊరుకోక, తన చేతులలో, పాదాలలో, శిరస్సులో ప్రతిష్ఠించుకొన్న మహాకళాకారుడు ఆదిభట్ల నారాయణదాసు. తెలుగువారు ఆయనను హరికథా పితామహుడని, లయబ్రహ్మ అని, పంచముఖీ పరమేశ్వరుడని పేర్కొన్నారు.

నారాయణదాసు 1864 ఆగస్టు 31న బొబ్బిలి సమీపంలోని అజ్జాడ గ్రామంలో జన్మించారు. తల్లి లక్ష్మీనరసమ్మ, తండ్రి వేంకటచయనులు. తల్లిదండ్రులు పెట్టిన పేరు సూర్యనారాయణ. ఇంట్లో వినవచ్చిన పోతన భాగవత పద్యాలు పసివయస్సులోనే ఆయనకు కంఠస్థమయ్యాయి. సంగీతంలో తొలి శిక్షణ బొబ్బిలి సంస్థాన వైణికులైన వాసా సాంబయ్య వద్ద లభించింది. ఆ తరువాత విజయనగరం చేరి ఆంగ్ల విద్య అభ్యసించారు. ఆనాటి విజయనగరం విద్యలకు నిలయం. గురజాడ అప్పారావు వంటివారు ఆ కాలంలో, ఆ పట్టణంలోనే ఎదిగారు. ఇంగ్లీషు చదివిన యువకుడు కచేరీలో కొలువు వెతుక్కోవడం అప్పటి రివాజు. ఈ యువకుని దారి వేరైంది.

1883లో కుప్పుస్వామి నాయుడు అనే భాగవతుడు విజయనగరానికి వచ్చి హరికథ చెప్పారు. పందొమ్మిదేళ్ల సూర్యనారాయణ ఆ కథ విని ముగ్ధుడయ్యాడు. తనకు తెలిసిన సంగీతం, సాహిత్యం, ఆట, అభినయం అన్నీ ఒక్కచోట ఇమిడే కళ అదేనని గ్రహించాడు. ఆ సంవత్సరమే ధ్రువచరిత్రను స్వయంగా రచించి హరికథగా చెప్పాడు. సూర్యనారాయణ నారాయణదాసు కావడానికి అది నాంది. కాలికి గజ్జె కట్టి ఊరూరా ఆడిపాడే వృత్తికి అప్పటి పండితలోకంలో గొప్ప మన్నన ఉండేది కాదు. సంప్రదాయ కుటుంబంలో పుట్టి, శాస్త్రం చదివి, ఇంగ్లీషు కూడా నేర్చిన యువకుడు ఆ గజ్జె కట్టడం సాహసమే అనాలి.

హరికథను చూచినవారు నేడు తక్కువ కనుక దాని తీరు కొంత వివరించడం అవసరం. నాటకంలో పాత్రకొక నటుడు ఉంటాడు. హరికథలో కథకుడు ఒక్కడే. పట్టుపంచె, మెడలో పూలదండ, కాళ్లకు గజ్జెలు, చేతిలో చిరతలు అతని అలంకారాలు. వెనుక మృదంగం, వయొలిన్ లేదా హార్మోనియం వంటి పక్కవాద్యాలు ఉంటాయి. అతడే రాజు, అతడే రాణి, అతడే విదూషకుడు. కథను వచనంలో చెబుతూ, పద్యం చదువుతూ, కీర్తన పాడుతూ, పాడుతున్న కీర్తనకే నర్తిస్తూ గంటల తరబడి సభను నిలబెట్టాలి. నారాయణదాసు కథలు చెప్పడం ప్రారంభించిన కాలంలో మైకులు లేవు. వేలమంది కూర్చున్న పందిట్లో చిట్టచివరివానికి మాట వినిపించాలంటే గొంతే ఆధారం. నారాయణదాసుది అటువంటి గంభీరమైన గొంతు, దానికి తగిన నిండైన విగ్రహం.

అయితే ఆయనకు సాటిలేని కీర్తిని తెచ్చింది లయజ్ఞానం. ఒక ఉదాహరణ తీసుకొందాం. మిశ్రచాపు తాళానికి అక్షరాలు ఏడు, ఖండచాపుకు ఐదు. కుడిచేతితో మొదటిది, ఎడమచేతితో రెండవది ఒకేసారి వేయడం ప్రారంభిస్తే రెండూ మొదటి అక్షరం వద్ద తిరిగి కలిసేది ముప్పై ఐదు అక్షరాల తరువాతనే. అంతవరకు ఏ చేయీ రెండవదాని వెంట పోరాదు. ఈ చిన్న పని చేసి చూచినవారికే అందులోని కష్టం అర్థమవుతుంది. రెండు చేతులతో, రెండు పాదాలతో, శిరస్సుతో ఐదు వేర్వేరు తాళాలను ఏకకాలంలో చూపుతూ పల్లవి పాడడం నారాయణదాసు ప్రత్యేకతగా ప్రసిద్ధికెక్కింది. పంచముఖీ పరమేశ్వర బిరుదానికి మూలం ఇదే. తిస్రం, చతురస్రం, ఖండం, మిశ్రం, సంకీర్ణం అనే ఐదు జాతులకు వరుసగా మూడు, నాలుగు, ఐదు, ఏడు, తొమ్మిది అక్షరాలు. ఈ ఐదింటినీ ఒక్కసారిగా ఎత్తుకొంటే అన్నీ కలిసి సమానికి వచ్చేది 1260వ అక్షరం తరువాత. అక్షరానికి ఒక క్షణం చొప్పున లెక్కిస్తే ఇరవై ఒక్క నిమిషాలు. గణితం తెలిసిన విద్యార్థి దీనిని కాగితం మీద సులభంగా తేల్చగలడు. దేహంతో తేల్చి చూపడం మరొక విద్య.

ఆయన సంగీత సాహిత్య అష్టావధానాలు కూడా చేశారు. తాళాలు వేస్తూ, పల్లవి పాడుతూ, పృచ్ఛకులు కోరిన చోటికి ముక్తాయి తెచ్చి కలుపుతూ, మధ్యలో పద్యాలు చెబుతూ, లెక్కలకు సమాధానం ఇస్తూ సాగే ఆ ప్రదర్శనలు పండితులను చకితులను చేశాయి. ఆయన పేరెత్తితే ముందుగా ఈ విన్యాసాలే చెప్పుకొంటారు. నిజానికి ఆయన గొప్పతనాన్ని వీటితో మాత్రమే కొలవడం సరికాదు. ఐదు తాళాల విద్య అబ్బురం కలిగిస్తుంది, అబ్బురం కాసేపటికి చల్లారుతుంది. సాయంకాలం మొదలైన కథ రాత్రి పొద్దుపోయేవరకు సడలకుండా సాగడానికి కావలసినది వేరొక లయ. ఎక్కడ నడక నెమ్మది చేయాలో, ఎక్కడ చిరతను ఆపి నిశ్శబ్దాన్ని పలికించాలో, ఏ మాట మీద గజ్జె ఘల్లుమనాలో తెలిసిన లయ అది. తాళం లెక్కకు సంబంధించినది, నడక రసానికి సంబంధించినది. గజేంద్రుడు మడుగులో దిగే నడకా, రుక్మిణి అంతఃపురంలో వేచి ఉండే నడకా ఒక్కటి కాజాలవు. నారాయణదాసు కవి, గాయకుడు, నర్తకుడు కూడా కావడంచేత ఈ నడకలను రచనలోనే ఇమిడ్చి, వేదిక మీద తన పాదాలతో పలికించారు. మరొకరు రాసిన పాటకు మరొకరు తాళం వేస్తే ఇంతటి పొందిక రావడం కష్టం.

కథాగానం కోసం ఆయన ఆంధ్రదేశమంతటా తిరిగారు. మద్రాసు, బెంగుళూరు, మైసూరు వంటి చోట్లకూ వెళ్లారు. సంగీతంలో ఆరితేరిన దక్షిణాది శ్రోతలు ఆయన కథకు తలలూపారు. తెలుగు తెలియని సభలో కథ రక్తికట్టించడానికి భాషకన్న ముందు సాయపడేది లయే కదా! విజయనగర ప్రభువు ఆనందగజపతి ఆయనను ఆదరించి ఆస్థానంలో స్థానం కల్పించారు. ప్రభువుల మన్నన పొందినా నారాయణదాసు కథ మాత్రం కోటగోడలకు పరిమితం కాలేదు. దేవాలయ ప్రాంగణాలలో, ఊరి నడుమ పందిళ్లలో, అక్షరం రాని శ్రోతల ముందు కూడా అది సాగింది.

1919లో మహారాజా విజయరామ గజపతిరాజు విజయనగరంలో సంగీత కళాశాలను నెలకొల్పి నారాయణదాసును తొలి అధ్యక్షునిగా నియమించారు. అదే సంవత్సరం ద్వారం వేంకటస్వామి నాయుడు అక్కడికి వచ్చారు. విద్యార్థిగా చేరవచ్చిన ఆ యువకుని వయొలిన్ విని, ఇతడు నేర్చుకోవలసినవాడు కాదు, నేర్పవలసినవాడని నారాయణదాసు నిర్ణయించారట. ఇరవై ఆరేళ్ల నాయుడు ఆచార్యుడయ్యాడు. 1936లో నారాయణదాసు విరమించినప్పుడు ఆ అధ్యక్షపీఠం నాయుడికే దక్కింది. తరువాతి కాలంలో ఘంటసాల వేంకటేశ్వరరావు శిక్షణ పొందినదీ ఈ కళాశాలలోనే.

నారాయణదాసు పాండిత్యం వేదికకు మించినది. సంస్కృతాంధ్రాలతోపాటు ఇంగ్లీషు, పారశీకం మొదలైన భాషలు ఆయనకు పరిచితాలు. ఉమర్ ఖయ్యాం రుబాయీలను సంస్కృతంలోకి, అచ్చతెలుగులోకి అనువదించారు. ఆ గ్రంథం 1932లో వెలువడింది. షేక్స్పియర్, కాళిదాసుల రచనలలోని రసవంతమైన ఘట్టాలను నవరసతరంగిణిగా కూర్చారు. నా యెఱుక అనే స్వీయచరిత్ర రాశారు కాని, అది ఆయన జీవితపు పూర్వార్ధంతోనే ఆగిపోయింది. హరికథలలో అంబరీష చరిత్ర, గజేంద్ర మోక్షణం, రుక్మిణీ కల్యాణం, ప్రహ్లాద చరిత్ర, భీష్మ చరిత్ర, సావిత్రీ చరిత్ర, యథార్థ రామాయణం ప్రసిద్ధాలు. తొంభై రాగాలను కూర్చి దశవిధ రాగ నవతి కుసుమ మంజరిని రచించడం ఆయన సంగీతప్రజ్ఞకు మరొక నిదర్శనం. ఆయన అచ్చతెలుగు కొన్నిచోట్ల నిఘంటువు లేనిదే కొరుకుడుపడదు. వేదిక మీద అవే మాటలు పాటలో కలిసి వినవస్తున్నప్పుడు శ్రోతకు ఆ ఇబ్బంది అంతగా తోచి ఉండదు.

1945 జనవరి 2న నారాయణదాసు పరమపదించారు. శిష్యులైన భాగవతులు ఆయన కథలను కోస్తా జిల్లాలలో పలుచోట్ల చెప్పి, తమ శిష్యులకు అందించారు. ఆయన రచనలు అచ్చులో లభిస్తున్నాయి. పాటకు రాగం పేరు, తాళం పేరు ఉంటాయి, దాని కింద సాహిత్యం ఉంటుంది. చిరత ఎక్కడ ఆగిందో, గజ్జె ఎక్కడ ఘల్లుమన్నదో అచ్చు చెప్పదు. ఆ కథను ఎత్తుకొన్న ప్రతి భాగవతుడూ పుస్తకం మూసి, కాలికి గజ్జె కట్టి, ఆ చోటును తన పాదాలతోనే వెతుక్కోవలసి ఉంటుంది.