యంత్రవిద్యా పిపాసి జి.డి. నాయుడు

పాఠ్యభాగ ఉద్దేశం : వాహనాల మీద, వేగం మీద మక్కువ గల యువత ఆ మక్కువను విద్యగా ఎలా మలచుకోవచ్చునో ఒక తెలుగు మేధావి జీవితం ద్వారా తెలియజేయడం.

2008వ సంవత్సరం మార్చి 23న హైదరాబాదుకు దక్షిణాన శంషాబాద్‌లోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం నుంచి విమానాల రాకపోకలు మొదలయ్యాయి. అదే సంవత్సరం గచ్చిబౌలి నుంచి శంషాబాద్ వరకు బాహ్యవలయ రహదారి మొదటి భాగం, మరుసటి సంవత్సరం మెహిదీపట్నం వైపు నుంచి 11 కిలోమీటర్లకు పైగా సాగే పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే ప్రజలకు అందుబాటులోకి వచ్చాయి. నున్నని విశాలమైన రహదారులు ఏర్పడిన చోట వేగం పట్ల మోజు పెరగడం సహజం. కారును మరింత చురుకుగా పరుగెత్తించాలని, ఇంజను శక్తిని పెంచుకోవాలని, మలుపులను నేర్పుగా తిప్పాలని ఉవ్విళ్లూరే యువకులు ప్రతి నగరంలోనూ ఉన్నారు. ఆ కోరికలో తప్పు లేదు. అయితే ఆ కోరికకు దారి చూపేది ఏది? ఈ విద్యకు సంబంధించిన గ్రంథాలు అనేకం ఉన్నాయి. వాటన్నిటికంటె ముందుగా చదవదగినది ఒక మనిషి జీవితం. శంషాబాద్ నుంచి తొలి విమానం ఎగిరిన ఆ రోజుకు సరిగ్గా 115 సంవత్సరాల ముందు, 1893 మార్చి 23న ఆయన జన్మించాడు. ఆయనే గోపాలస్వామి దొరస్వామి నాయుడు. లోకం ఆయనను జి.డి. నాయుడుగా ఎరుగును.

తమిళనాడులోని కోయంబత్తూరు సమీపాన గల కలంగల్ ఆయన స్వగ్రామం. తండ్రి గోపాలస్వామి నాయుడు వ్యవసాయదారుడు. విజయనగర రాజుల కాలంలోను, మధుర నాయక రాజుల కాలంలోను ఎన్నో తెలుగు కుటుంబాలు దక్షిణ దేశానికి తరలివెళ్లి, అక్కడి నల్లరేగడి భూముల్లో స్థిరపడ్డాయి. తరతరాలుగా ఇంట తెలుగు, బయట తమిళం మాట్లాడుతూ, పత్తి పండిస్తూ ఆ కుటుంబాలు రెండు సంస్కృతులకూ వారసులయ్యాయి. దొరస్వామి అటువంటి కుటుంబంలో పుట్టాడు.

బడి చదువు ఆ బాలునికి రుచించలేదు. అది ప్రాథమిక స్థాయిలోనే ఆగిపోయింది. పొలం పనులకు వెళ్లాడు. కాని బడికి దూరమైనవాడు చదువుకు దూరం కాలేదు. పని మధ్య దొరికిన తీరికలో పుస్తకాలు చదవడం అలవరచుకొన్నాడు. తనకు కావలసినదాన్ని తానే వెదకి నేర్చుకొనే ఆ గుణమే ఆయన జీవితానికంతటికీ పునాది అయింది.

ఒకనాడు ఆంగ్లేయ అధికారి ఒకడు మోటారు సైకిలు మీద ఆ గ్రామానికి వచ్చాడు. ఎద్దులు లేవు, గుర్రాలు లేవు, తొక్కే పని లేదు. అయినా బండి తనంతట తానే పరుగెత్తుతున్నది. గ్రామస్థులు దానిని వింతగా చూసి ఊరుకొన్నారు. దొరస్వామి మాత్రం ఊరుకోలేకపోయాడు. అది ఎలా నడుస్తున్నదన్న ప్రశ్న ఆయనను వెంటాడింది. ఎలాగైనా దానిని సొంతం చేసుకోవాలని నిశ్చయించుకొన్నాడు. పల్లె విడిచి కోయంబత్తూరు చేరి, ఒక హోటలులో సర్వరుగా చేరాడు. వచ్చిన కూలిలో రూపాయి రూపాయి కూడబెట్టాడు. చివరకు సుమారు 300 రూపాయలు చెల్లించి ఆ అధికారి నుంచే రడ్జ్ కంపెనీవారి ఆ మోటారు సైకిలును కొనుక్కొన్నాడు.

కొన్న తరువాత ఆయన చేసిన పని గమనింపదగినది. ఎవరైనా ఆ బండి ఎక్కి ఊరంతా తిరిగి మురిసిపోయేవారే. నాయుడు దానిని భాగాలు భాగాలుగా విప్పివేశాడు. ఒక్కొక్క భాగాన్నీ పరిశీలించాడు. తిరిగి యథాతథంగా బిగించాడు. ఎన్నో ఏళ్ల కష్టార్జితాన్ని అలా విప్పి నేల మీద పరచడానికి ఎంత సాహసం కావాలో ఆలోచించవలసి ఉన్నది. తిరిగి బిగించడం చేతకాకపోతే సర్వమూ నష్టమే. ఆయనకు గురువు లేడు. ఆ యంత్రమే ఆయనకు గురువూ, గ్రంథమూ అయింది.

ఇంజనును విప్పినవాడు ఏమి నేర్చుకొంటాడు? పెట్రోలు ఇంజను నాలుగు దశల్లో పనిచేస్తుంది. గాలి, పెట్రోలు కలిసిన మిశ్రమాన్ని లోనికి పీల్చుకోవడం మొదటి దశ. పిస్టన్ దానిని గట్టిగా అదిమిపెట్టడం రెండవ దశ. నిప్పురవ్వతో మిశ్రమం మండి పిస్టన్‌ను కిందికి నెట్టడం మూడవ దశ. కాలిన వాయువులు వెలికి పోవడం నాల్గవ దశ. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండడానికి బరువులో సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి. గాలి తగ్గితే నల్లని పొగ వచ్చి ఇంధనం వృథా అవుతుంది. గాలి మరీ ఎక్కువైతే ఇంజను శక్తి తగ్గుతుంది. నిప్పురవ్వ మరీ ముందుగా పడితే ఇంజను టకటకమని కొట్టుకొంటుంది; ఆలస్యమైతే బలం చాలదు. వీణ తీగను ఎక్కువ బిగించినా, వదులు చేసినా నాదం చెడినట్లే ఇక్కడా జరుగుతుంది. అన్నీ తగుపాళ్లలో కుదరడమే ఇంజనుకు శ్రుతి. దీనినే మెకానిక్కులు ట్యూనింగ్ అంటారు. లోపలి సంగతి తెలియక పైపై భాగాలు మార్చి, పెద్ద చప్పుడు పుట్టించడం ట్యూనింగ్ కానేరదు.

నాయుడు జీవితం నున్నని బాటపై సాగలేదు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో పత్తి వ్యాపారంలో గడించిన ధనాన్ని బొంబాయిలో అదే వ్యాపారంలో పోగొట్టుకొన్నాడు. ఆస్తి పోయినా యంత్ర పరిజ్ఞానం పోలేదు. కోయంబత్తూరులోని ఆంగ్లేయ పారిశ్రామికుడు రాబర్ట్ స్టేన్స్ ఆయన నేర్పును గుర్తించి చేయూతనిచ్చాడు. 1920లో నాయుడు ఒక బస్సు కొని, పొల్లాచ్చి నుంచి పళని వరకు తానే నడపసాగాడు. పళని సుబ్రహ్మణ్యస్వామి వెలసిన పుణ్యక్షేత్రం, యాత్రికులకు కొదవలేదు. యజమానీ తానే, డ్రైవరూ తానే, మెకానిక్కూ తానే.

ప్రయాణికులతో నిండిన బండిని ఆనాటి రోడ్ల మీద నడపడం కూడా ఒక విద్యాభ్యాసమే. వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక బండి ఆగడానికి పట్టే దూరం రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. బ్రేకు వేసినప్పుడు బరువు ముందు చక్రాల మీదికి ఒరుగుతుంది. అందువల్ల మలుపులోకి వచ్చాక కాక, మలుపుకు ముందే వేగం తగ్గించాలి. పందెపు కారు నడిపేవారికి నేర్పే మొదటి పాఠం కూడా ఇదే. వెనుక కూర్చున్నవారి ప్రాణాలు తన చేతిలో ఉన్నాయని తలచే డ్రైవరుకు ఈ సూత్రం త్వరగా వంటబడుతుంది.

ఆ ఒక్క బస్సే క్రమంగా యూనివర్సల్ మోటార్ సర్వీస్ అనే సంస్థగా పెరిగింది. వేళకు బయలుదేరడం, బండ్లను నిత్యం మంచి స్థితిలో ఉంచడం అనే రెండు నియమాలతో అది దేశంలోని సమర్థమైన రవాణా సంస్థలలో ఒకటిగా పేరు పొందింది.

నాయుడు జిజ్ఞాస మోటారు బండ్లతో ఆగలేదు. ఆయన ఐరోపా దేశాల్లో పర్యటించి, అక్కడి కర్మాగారాలను చూశాడు. బ్యాటరీతో పనిచేసే చిన్న మోటారు అమర్చిన క్షౌరయంత్రాన్ని రూపొందించాడు. రసాంత్ అనే పేరుతో అది ప్రసిద్ధికెక్కింది. పలుచని బ్లేడు, పండ్ల రసం తీసే యంత్రం, కిరోసిన్‌తో తిరిగే పంకా, ఓట్లను నమోదు చేసే యంత్రం ఆయన కల్పనలే. 1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి దేశంలో తొలి విద్యుత్ మోటారును తయారుచేశాడు. బావి నీటి మీద ఆధారపడిన కోయంబత్తూరు రైతులకు విద్యుత్ మోటారు ఎంతటి వరమో చెప్పనక్కరలేదు. తరువాతి కాలంలో ఆ నగరం మోటార్లకు, పంపులకు దేశమంతటా పేరుగాంచింది. 1941లో అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే అందించగలనని ఆయన ప్రకటించాడు. నోబెల్ బహుమతి గ్రహీత సి.వి. రామన్ వంటి శాస్త్రవేత్త నాయుడు ప్రతిభను మెచ్చుకొన్నాడు.

తాను బడిలో పొందలేని విద్య ఇతరులకు అందాలని నాయుడు ఆశించాడు. 1945లో ఆయన విరాళంతో, కృషితో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరిట పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కళాశాల వెలిశాయి. ఆనాటి మద్రాసు గవర్నరు పేరు వాటికి పెట్టారు. నాయుడే తొలి ప్రిన్సిపాల్‌గా బాధ్యత వహించాడు. అయితే త్వరలోనే ఒక వివాదం తలెత్తింది. ఇంజనీరింగ్ చదువుకు నాలుగు సంవత్సరాలు అక్కరలేదని, చేతిపనితో కూడిన శిక్షణ ఇస్తే రెండు సంవత్సరాలే చాలునని ఆయన వాదించాడు. ప్రభుత్వం అంగీకరించలేదు. నాయుడు పదవి వదులుకొన్నాడు.

ఈ వివాదంలో ఎవరిది న్యాయం? గణితం, భౌతికశాస్త్రం లోతుగా అభ్యసించకుండా వంతెన కట్టడం ప్రమాదకరమని ప్రభుత్వ పక్షం వహించేవారు అనవచ్చు. నాలుగేళ్లు చదివినా ఒక మరను విప్పి బిగించలేని పట్టభద్రుని వల్ల దేశానికి ఒరిగేదేమిటని నాయుడు పక్షం వహించేవారు అడగవచ్చు. రెండు వాదాలలోను బలమున్నది. ఆ కళాశాల తరువాత ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా కొనసాగి, వేలాది ఇంజనీర్లను తీర్చిదిద్దింది. నాయుడు వేసిన ప్రశ్న మాత్రం నేటికీ మన విద్యాలయాల ముందు నిలిచే ఉన్నది.

మరొక ఆశాభంగం ఆయనకు 1952లో ఎదురైంది. ఇద్దరు కూర్చోదగిన చిన్న పెట్రోలు కారును రూపొందించి, 2000 రూపాయల ధరకు సామాన్యునికి అందించాలని ఆయన సంకల్పించాడు. పరిశ్రమలకు ప్రభుత్వ అనుమతి తప్పనిసరి అయిన కాలమది. ఆ కారు తయారీకి అనుమతి లభించలేదు. చిన్న కారు సామాన్య కుటుంబపు వాకిట నిలవడానికి దేశం 1983లో మారుతి 800 వచ్చేదాకా వేచి ఉండవలసి వచ్చింది. మూడు దశాబ్దాల ఆ ఎడబాటును తలచుకొంటే నాయుడు దూరదృష్టి ఎంతటిదో, దానికి కలిగిన అడ్డంకి వల్ల జరిగిన నష్టం ఎంతటిదో బోధపడుతుంది.

1974 జనవరి 4న నాయుడు పరమపదించాడు. ఆయన పేరిట నెలకొన్న పారిశ్రామిక ప్రదర్శనశాల, 2015లో ప్రారంభమైన జీడీ కార్ల మ్యూజియం కోయంబత్తూరులో ఆయన స్మృతిని నిలుపుతున్నాయి. యంత్రాలను ప్రేమించే ఆ నగరమే దేశంలో కారు పందేలకు కూడా నెలవైంది. అక్కడి సుందరం కరివర్ధన్ అదే మారుతి 800 ఇంజనుతో తక్కువ ఖర్చుతో తయారయ్యే పందెపు కారును రూపొందించి, ఎందరో యువకులకు ఆ క్రీడను అందుబాటులోకి తెచ్చాడు. 1995లో విమాన ప్రమాదంలో ఆయన మరణించాడు. 2003లో ప్రారంభమైన కరి మోటార్ స్పీడ్‌వే ఆయన స్మారకమే. ఆ నగరంలోనే పెరిగిన నారాయణ్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్ పోటీల్లో పాల్గొన్న తొలి భారతీయుడయ్యాడు.

ఈ రంగంలో పేరెన్నికగన్న గ్రంథకర్తలు కూడా చేత్తో పనిచేసినవారే. 1978లో ‘ట్యూన్ టు విన్’ అనే గ్రంథాన్ని వెలువరించిన అమెరికా దేశీయుడు కారల్ స్మిత్ పందెపు కార్లను స్వయంగా సిద్ధం చేసిన ఇంజనీరు. పందెపు డ్రైవింగును శాస్త్రంగా వివరించిన ఇటలీ దేశీయుడు పియెరో తరూఫీ ఇంజనీరే కాక, 1957లో మిల్లె మిల్యా పందెం గెలిచిన డ్రైవరు. మామూలు రహదారుల మీద జరిగిన ఆ పందెంలోనే ఒక కారు అదుపు తప్పి, దానిలోని ఇద్దరితోపాటు తొమ్మిదిమంది ప్రేక్షకులు మరణించారు. వారిలో చిన్నపిల్లలూ ఉన్నారు. దానితో ఆ పందెమే నిలిచిపోయింది. గెలిచిన తరూఫీ కూడా పోటీల నుంచి విరమించాడు. వేగానికి తగిన చోటు పందెపు బాటయే గాని, పదిమంది నడిచే రహదారి కాదని ఆ దుర్ఘటన లోకానికి చాటింది.

శంషాబాద్ రహదారిపై యాక్సిలరేటరు అదిమే యువకుడు ఈ సంగతులు తెలుసుకోవాలి. ఆ దారిన విమానం అందుకోవడానికి వెళ్లే కుటుంబాలు, రాత్రి విధులు ముగించుకొని ఇంటికి మళ్లే శ్రామికులు ప్రయాణిస్తూ ఉంటారు. మొదటి బండిని సంపాదించిన నాడు నాయుడు దానిని ముందుగా తెలుసుకొని, పిమ్మట నడిపాడు. కారు మీద ప్రేమ గలవారు అనుసరించవలసిన క్రమం అదే.

ప్రశ్నలు

1. మోటారు సైకిలు కొన్న తరువాత నాయుడు చేసిన పని ఆయన స్వభావాన్ని ఎలా వెల్లడిస్తుంది?
2. ఇంజనుకు శ్రుతి కుదరడమంటే ఏమిటో వివరించండి.
3. ఇంజనీరింగ్ విద్య కాలపరిమితిపై వచ్చిన వివాదంలో మీరు ఏ పక్షాన్ని సమర్థిస్తారు? కారణాలు తెలపండి.
4. 1957 నాటి దుర్ఘటన నుంచి నేటి యువత గ్రహించవలసినదేమిటి?