మొక్కజొన్న చేలో మొదలైన కొలత

ఫిన్లాండ్ ప్రజలు తమ దేశాన్ని తమ భాషలో సువోమి అంటారు. అమెరికాకు వలస వెళ్లిన ఒక ఫిన్నిష్ కుటుంబానికి ఇంటిపేరు కూడా అదే. మిన్నెసోటాలోని ఇనుప గనుల ఊరు ఎవెలెత్‌లో 1915లో ఆ ఇంట పుట్టినవారే వెర్నర్ సువోమి. ఉపగ్రహ వాతావరణ శాస్త్రానికి ఆద్యుడని ఆయనకు పేరు. ఈ పేజీలో ఆయన గురించి రాయడానికి మాకు ఇంకో కారణమూ ఉంది. ఆయన మొదట బడిపంతులు. 1938లో ఉపాధ్యాయ శిక్షణ కళాశాల నుంచి పట్టా పుచ్చుకుని, హైస్కూలు పిల్లలకు సైన్సు చెప్పారు.

తర్వాత వాతావరణ శాస్త్రం వైపు మళ్లారు. 1948లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో చేరారు. 1953లో డాక్టరేటు తెచ్చిన పరిశోధన మొక్కజొన్న చేను మీద. చేనుకు ఎంత వేడి వస్తోంది, ఎంత పోతోంది అన్న జమాఖర్చు. అదే లెక్క మొత్తం భూమికి వేయాలంటే పైనుంచి చూడాలి.

అందుకు ఆయన బృందం చేసిన పరికరం చూడటానికి చాలా చిన్నది. కొన్ని అర్ధగోళాలు, కొన్నిటికి నల్లరంగు, కొన్నిటికి తెల్లరంగు. నలుపు ఎండనూ, భూమి నుంచి వచ్చే వేడినీ రెండిటినీ పీల్చుకుంటుంది. తెలుపు ఎండను చాలావరకు తిప్పికొడుతుంది. రెండింటి ఉష్ణోగ్రతల తేడాలోనే లెక్కంతా ఉంది. కానీ ఏ రంగు ఎంత పీలుస్తుందో ముందే తెలియకపోతే, పైనుంచి వచ్చే అంకెలకు అర్థమే లేదు. బజారులో తక్కెడను ముద్రవేసిన రాళ్లతో సరిచూస్తారు కదా, పరికరానికీ అంతే. తెలిసిన వేడినీ, తెలిసిన వెలుతురునూ భూమి మీదే చూపించి, అది ఏ అంకె చెబుతోందో రాసిపెట్టుకోవాలి. దీన్నే కాలిబ్రేషన్ అంటారు. ఎగిరాక మరమ్మతుకు దింపడం కుదరదు మరి.

1959 జులైలో రాకెట్ లేచిన కొద్ది సెకన్లకే దారితప్పి, పరికరంతో సహా నాశనమైంది. అదే ఏడాది అక్టోబర్ 13న ఎక్స్‌ప్లోరర్ 7 కక్ష్యకు చేరింది. భూమి వేడి జమాఖర్చును అంతరిక్షం నుంచి కొలవడం అలా మొదలైంది.

1966 డిసెంబర్‌లో ఎగిరిన ఏటీఎస్-1లో ఆయన రూపొందించిన కెమెరా ఉంది. మాకు బాగా నచ్చే కిటుకు ఇదే. ఉపగ్రహం నిమిషానికి 100 చుట్లు తిరుగుతుంటే, ఒక్కో చుట్టులో కెమెరా భూమి మీద ఒక్కో గీత చదువుతుంది. దాదాపు 2000 గీతలు పేరిస్తే, అంటే 20 నిమిషాల్లో, ఒక బొమ్మ. మేఘాల కదలికను వరుస బొమ్మల్లో చూడటం ఆ కెమెరాతో సాధ్యమైంది.

సువోమి 1995లో మరణించారు. 2011లో ఎగిరిన ఒక ఉపగ్రహానికి మరుసటి ఏడాది నాసా ఆయన పేరు పెట్టింది. దాని ప్రధాన కెమెరాను ఎగరకముందు గాలి తీసేసిన గదిలో పెట్టి, లోపలంతా సమానంగా వెలిగే బోలుగోళాన్నీ, ఉష్ణోగ్రత తెలిసిన నల్లటి పలకనూ చూపించి పరీక్షించారు. అయినా కక్ష్యలో కొన్ని వర్ణాల్లో చూపు మందగించింది. అద్దాలతో పాటే పూత వేసి భూమి మీద దాచిన నమూనా ముక్కలకు అతినీలలోహిత కాంతి చూపిస్తే, అవీ అలాగే నల్లబారాయి. పూతలో టంగ్‌స్టన్ కలిసిపోయిందని అప్పుడు తేలింది.