లియోన్ గోమోంట్

లియోన్ గోమోంట్ (1864 మే 10 - 1946 ఆగస్టు) ఫ్రాన్సు దేశానికి చెందిన యంత్ర నిర్మాత, సినిమా పారిశ్రామికవేత్త. నేటికీ నడుస్తున్న గోమోంట్ చిత్రసంస్థ స్థాపకుడు. మూకీల కాలంలోనే, వేర్వేరు యంత్రాలపై తిరిగే బొమ్మను, ధ్వనిని సింక్ తప్పకుండా నడిపించిన క్రోనోఫోన్ ఇతని కృషిలో ముఖ్యమైనది. సంస్థాధిపతిగా వచ్చిన కీర్తి చాటున ఈ కృషి కొంత మరుగున పడింది.

తొలి జీవితం

గోమోంట్ పారిస్ నగరంలో జన్మించాడు. కుటుంబ ఆర్థిక ఇబ్బందుల వలన చదువు మధ్యలో మానుకొని, 1881లో జూల్ కార్పెంతియే కర్మాగారంలో ఉద్యోగానికి చేరాడు. సూక్ష్మ పరికరాలకు పేరుపొందిన ఆ కర్మాగారమే తరువాత లూమియేర్ సోదరుల సినిమాటోగ్రాఫ్ యంత్రాలను తయారుచేసింది. 1895లో, తాను పనిచేస్తున్న ఫోటో సామగ్రి సంస్థను మరికొందరితో కలిసి కొనుగోలు చేశాడు. ఆ భాగస్వాములలో గుస్తావ్ ఐఫిల్ ఒకడు. అక్కడ కార్యదర్శిగా ఉన్న ఆలిస్ గీ కొద్దికాలానికే సంస్థకు చిత్రాలు తీయసాగింది. ప్రపంచంలోని తొలి మహిళా దర్శకురాలిగా ఆమెను పరిగణిస్తారు.

క్రోనోఫోన్

ఆనాటికి గ్రామఫోను, సినిమా రెండూ ఉన్నాయి. వాటిని జతపరచడమే కష్టం. ప్రొజెక్టరును చేతితో తిప్పేవారు. తెర పక్కన గ్రామఫోను తన వేగంతో తాను తిరిగేది. రెండూ ఒకేసారి మొదలైనా, వేగాలలో ఉన్న స్వల్ప భేదం క్షణక్షణానికీ పోగై, నిమిషం గడిచేసరికి గాయకుని పెదవులకు, పాటకు పొంతన ఉండేది కాదు.

గోమోంట్ రెండు యంత్రాలకూ ఒకే రకమైన విద్యుత్ మోటార్లు అమర్చాడు. వాటి ఆర్మేచర్లను సమాన సంఖ్యలో భాగాలుగా విభజించి, ఒకదాని ప్రతి భాగాన్ని రెండవదానిలోని అదే భాగానికి తీగలతో కలిపాడు. దీనితో ఒక మోటారు ఎంత తిరిగితే రెండవది అంతే తిరగవలసి వచ్చేది. 1902 నవంబరు 7న ఫ్రెంచి ఫోటోగ్రఫీ సంఘం ఎదుట ఈ యంత్రాన్ని ప్రదర్శించాడు.

అయినా ఆరంభంలో జరిగే పొరపాటు, తెగి అతికించిన ఫిల్ము వంటి కారణాల వలన సింక్ తప్పవచ్చు. అందుకై మోటారుకు, ప్రొజెక్టరుకు మధ్య ఒక డిఫరెన్షియల్ గేరును చేర్చాడు. ఆపరేటరు మీట నొక్కి బొమ్మను కొంచెం ముందుకు గాని, వెనుకకు గాని జరిపేవాడు. డిస్కు వేగాన్ని మాత్రం ముట్టుకునేవాడు కాదు. బొమ్మ వేగం కొద్దిగా మారినా కంటికి తెలియదు. డిస్కు వేగం మారితే శ్రుతి మారి చెవికి వెంటనే తెలుస్తుంది. తరువాతి కాలంలో టేపు రికార్డర్లను, సీక్వెన్సర్లను జతపరచిన వారికీ ఇదే ప్రశ్న ఎదురైంది: ఏది నడిపించాలి, ఏది అనుసరించాలి?

ఫోనోసీన్లు

ఈ యంత్రం కోసం తీసిన చిన్న చిత్రాలను ఫోనోసీన్లు అనేవారు. వీటి నిడివి డిస్కు నిడివికి లోబడి కొద్ది నిమిషాలే. వీటిలో వందకు పైగా ఆలిస్ గీ తీసింది. ముందుగా పాటను డిస్కుపై నమోదు చేసి, ఆ తరువాత దానిని వినిపిస్తూ కళాకారులచే అభినయింపజేసేవారు. తెలుగు సినిమా పాటల చిత్రీకరణలో కనిపించే ప్లేబ్యాక్ పద్ధతి కూడా ఇటువంటిదే. ఫెలిక్స్ మయోల్, ద్రానెమ్ వంటి ప్రసిద్ధ గాయకులు వీటిలో కనిపించారు. 1910 డిసెంబరులో ఫ్రెంచి సైన్సు అకాడమీలో, శాస్త్రవేత్త దార్సన్వాల్ మాటను, రూపాన్ని ఒకేసారి నమోదు చేసిన చిత్రాన్ని గోమోంట్ ప్రదర్శించాడు.

సింక్ కుదిరినా ధ్వని చాలేది కాదు. పెద్ద హాలుకు వినిపించేందుకు సంపీడిత వాయువుతో పనిచేసే ధ్వనివర్ధకాన్ని వాడాడు. తన పేరులోని మొదటి అక్షరాలతో దానికి ఎల్జీఫోన్ అని పేరుపెట్టాడు. 1911లో పారిస్ లో ప్రారంభించిన గోమోంట్ పాలెస్ లో మూడువేలకు పైగా సీట్లుండేవి. అంతటి హాలుకు వాయువు బలం సరిపోవడం కష్టమే. వాల్వు యాంప్లిఫయరు అప్పటికి సినిమాకు అందుబాటులోకి రాలేదు. ఈ లోపమే క్రోనోఫోన్ ను దెబ్బతీసిందని చెప్పవచ్చు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఫోనోసీన్లు కనుమరుగయ్యాయి.

చివరి ప్రయత్నం

1920లలో డెన్మార్కు ఇంజనీర్లు పీటర్సన్, పౌల్సన్ లతో కలిసి, ధ్వనిని వేరే ఫిల్ముపై ముద్రించి బొమ్మ ఫిల్ముతో జతగా నడిపే పద్ధతిని చేపట్టాడు. ఈ పద్ధతిలో 1928లో ఒక చిత్రం విడుదలైంది. అయితే అమెరికా పద్ధతులలో ధ్వని, బొమ్మ ఒకే ఫిల్ముపై చేరడంతో ప్రదర్శన సమయంలో రెండు యంత్రాలను జతపరచే అవసరమే పోయింది. గోమోంట్ 1930లో వ్యాపారం నుండి విరమించుకున్నాడు. ఆ కాలంలో వెలువడిన సంస్థ చరిత్రలో ఆలిస్ గీ కృషికి చోటు దక్కలేదు. దానిని సరిదిద్దమని ఆమె కోరవలసి వచ్చింది.

ఇతడు దక్షిణ ఫ్రాన్సులోని సెంత్ మాక్సీమ్ లో మరణించాడు. కొన్ని ఫోనోసీన్లకు ఫిల్ము మిగిలి డిస్కు పోయింది, మరికొన్నింటికి డిస్కే మిగిలింది. రెండూ దొరికిన వాటిని పునరుద్ధరణ నిపుణులు కంప్యూటరు సహాయంతో మళ్ళీ జతపరచారు.